గర్భసంచిలో గడ్డ ఉందన్నారా? తీసేయడానికి సరే అనేముందు చేయాల్సిన పనులు

స్కానింగ్ రిపోర్టు చేతికిచ్చి "గర్భసంచిలో గడ్డలున్నాయమ్మా" అన్నాక ఇంక డాక్టరు ఏం చెప్పినా చెవికెక్కదు. గడ్డ అనే మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. నాకు అదే జరిగింది. అప్పుడు నాకు 39 ఏళ్లు, పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు. తిరుపతిలోనే ఒక చిన్న ఆసుపత్రిలో పది నిమిషాలు మాట్లాడి "పిల్లలున్నారు కదా, ఇంక దాంతో పనేముంది, తీసేద్దాం, సోమవారం వచ్చి చేరిపోండి" అన్నారు, నేనూ తలూపి వచ్చేశాను. ఆదివారం పుత్తూరు నుంచి మా అక్క వచ్చింది. ఆమెకు అంతకు రెండేళ్ల ముందే గర్భసంచి తీసేశారు కాబట్టి నాకు ధైర్యం చెబుతుందనుకున్నాను. ఆమె రిపోర్టు మడత విప్పి చూసి ఒకటే మాట అడిగింది: "నాకు ఎందుకు తీసినారో నాకు తెలుసు. నీకు ఎందుకు తీయాలో అడిగితివా?"

అడగలేదు.

చివరికి నాకు గర్భసంచి తీయలేదు, పొట్ట మీద కోత కూడా లేకుండా గడ్డ ఒక్కటే తీశారు. అక్కకు తీయడమూ సరైనదే, నాకు తీయకపోవడమూ సరైనదే. తేడా ఎక్కడొచ్చిందో మీకూ తెలియాలని, ఏ పని తర్వాత ఏ పని చేసుకోవాలో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మందులు మీ డాక్టరు చెప్పినట్టే వాడండి, కానీ ఆ గదిలోకి వెళ్లేటప్పుడు చేతిలో ఏముండాలో, ఏం అడగాలో మనకు తెలిసుండాలి. మన రాష్ట్రంలో అయితే మరీను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. అవసరం లేకుండా గర్భసంచులు తీయడాన్ని ఆపే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పాల్సి వచ్చింది.

ముందు భయం పోవాలి కాబట్టి ఒక్క మాట. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోంచే పుట్టి ఉండలాగా పెరిగే గడ్డ. క్యాన్సర్ కాదు. 50 ఏళ్లు వచ్చేసరికి ఆడవాళ్లలో సగం మందికి పైగా ఇవి ఉంటాయి, చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు. నెలసరి హార్మోన్లే వీటికి మేత, అందుకే నెలసరి పూర్తిగా ఆగిపోయాక ఇవీ చిన్నవవుతాయి. ఇలా కనిపించే గడ్డ నిజంగా క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు. "ఇప్పుడు తీయకపోతే రేపు క్యాన్సర్ అవుతుంది" అని ఎవరైనా తొందరపెడితే, అక్కడే ఆగి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మొదటి పని: క్యాలెండర్ మీద లెక్క

వంటింట్లో టీటీడీ క్యాలెండర్ ఉంటుంది కదా, పాల లెక్క రాసుకునేది, దాని పక్కన ఒక పెన్ను కట్టి పెట్టండి. డేట్ వచ్చిన రోజు నుంచి ఆగేదాకా మార్చిన ప్రతి ప్యాడ్‌కూ ఆ రోజు గడిలో ఒక అంకె వేయండి. కొంచెం మరకే ఉంటే 1, ఓ మోస్తరుగా తడిస్తే 5, పూర్తిగా తడిసిపోతే 20. రక్తం గడ్డలు పడితే చిన్నవాటికి 1, రూపాయి బిళ్లంత ఉంటే 5. ఆ నెల అంకెలన్నీ కూడితే 100 దాటిందంటే రక్తస్రావం ఎక్కువున్నట్టే. ఇది నేను కనిపెట్టిన లెక్క కాదు, డాక్టర్లు వాడేదే. నెలకు 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ అని వాళ్ల పుస్తకాల్లో ఉంటుంది, ఇంట్లో ఎవరూ గ్లాసు పెట్టి కొలవలేరు కాబట్టి ఈ అంకెలు.

నేను రాసిన మొదటి నెల, రెండో రోజు గడిలో 20, 20, 5, 20, 20 అని వేసేసరికి చోటు చాలక పక్క రోజు గడిలోకి పోయింది. నెల మొత్తం కూడితే 230. అదే నన్ను అంతకుముందు "బ్లీడింగ్ ఎలా ఉంది?" అని అడిగితే "ఎప్పుడూ అయ్యేటట్టే మేడమ్" అని చెప్పాను, అది అబద్ధం కాదు, మా అమ్మకూ అంతే, అక్కకూ అంతే, ఆడవాళ్లందరికీ ఇంతే అవుతుందనుకున్నాను. ఫైబ్రాయిడ్లు ఒకే ఇంట్లో ఆడవాళ్లకు వరసగా రావడం మామూలే. కాబట్టి మీ అమ్మతోనో అక్కతోనో పోల్చుకుని సరిపెట్టుకోవద్దు, అంకె చూడండి.

అంకెలతో పాటు రాయాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: ఎన్ని రోజులైంది (వారం దాటిందా), రాత్రి ప్యాడ్ మార్చడానికి లేవాల్సి వచ్చిందా, డేట్‌కూ డేట్‌కూ మధ్యలో మరకలు పడ్డాయా, కలయిక తర్వాత రక్తం కనిపించిందా, అరగంటకోసారి మూత్రానికి పోవాల్సి వస్తోందా, విరేచనం బిగిసిపోతోందా, నడుము నొప్పి ఉందా. గర్భాలు పోయి ఉంటే అవి ఎన్నో నెలలో పోయాయో కూడా రాయండి. మధ్యలో మరకలు, కలయిక తర్వాత రక్తం అనేవి ఒక్కోసారి గడ్డ వల్ల కాక గర్భసంచి ముఖద్వారం దగ్గరి సమస్య వల్ల వస్తాయి, అందుకే దాచకుండా చెప్పాలి.

మన ఊళ్లో ఇంకోటి ఉంది. కొండకు దర్శనం టికెట్ ఎప్పుడో బుక్ చేసుకుంటాం, తీరా ఆ రోజుకే డేట్ వచ్చేటట్టుంటే మెడికల్ షాపుకు వెళ్లి వాయిదా టాబ్లెట్లు తెచ్చుకుని వేసుకుంటాం. ఇంటికి చుట్టాలొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరి కోసం ఆ షీటు కొనాల్సిందే. అవి నోరెథిస్టెరోన్ అనే హార్మోన్ మాత్రలు. ఆపిన రెండు మూడు రోజులకు బ్లీడింగ్ మొదలవుతుంది, ఒక్కోసారి మామూలు కన్నా జోరుగా. మీరు అవి వేసుకున్న నెలను క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి, డాక్టరుకు తప్పకుండా చెప్పండి, లేకపోతే ఆ నెల లెక్క చూసి తప్పుదారి పట్టే అవకాశముంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా అసలు వేసుకోకూడదు.

ఇలా రెండు నెలలు రాస్తే చాలు. కానీ ఇప్పటికే కళ్లు తిరుగుతుంటే, ఆయాసం వస్తుంటే రెండు నెలలు కూర్చోకండి, ఈ వారమే రక్త పరీక్ష చేయించుకోండి.

రెండో పని: రక్తం ఎంతుందో చూడండి

నేను ఏటా అలిపిరి నుంచి నడిచే కొండకు వెళ్లేదాన్ని, 3,550 మెట్లు. ఆ ఏడాది గాలిగోపురం చేరేలోపే నాలుగుసార్లు కూలబడ్డాను. మెట్టు మీద కర్పూరం మరక మీదే చెయ్యి ఆనించుకుని కూర్చుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టుంది, నాకన్నా పదిహేనేళ్లు పెద్దదైన మా చిన్నమ్మ నా సంచి కూడా భుజాన వేసుకుని పైనుంచి "రా పాపా, మెల్లిగా రా" అని పిలుస్తోంది. వయసైపోతోంది కాబోలు అనుకున్నాను. తర్వాత చూస్తే హిమోగ్లోబిన్ 7.1.

గర్భం లేని ఆడవాళ్లకు 12 ఉండాలి. 8 కన్నా తగ్గితే అది తీవ్రమైన రక్తహీనత. సీబీసీ (హిమోగ్లోబిన్ చూపించే మామూలు రక్త పరీక్ష) ఒక్కటే కాకుండా ఫెరిటిన్ కూడా చేయమనండి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో అది చెబుతుంది. థైరాయిడ్, షుగర్, గర్భం ఉందో లేదో తెలిపే మూత్ర పరీక్ష కూడా ఈ వరసలోనే అయిపోవాలి. థైరాయిడ్ తేడా వల్ల కూడా నెలసరి ఎక్కువవుతుంది. పెద్దమనిషి అయినప్పటి నుంచీ ఇలాగే అవుతుంటే, పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగకపోతే, ముక్కులోంచి రక్తం కారే అలవాటుంటే, రక్తం గడ్డకట్టే పరీక్షలు కూడా అడగండి.

ఐరన్ తక్కువని తేలితే ఆ రోజే మందు మొదలవ్వాలి, గడ్డ సంగతి తేలేదాకా ఆగక్కర్లేదు. ఐరన్ మాత్ర వేసుకునే పద్ధతి ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి చెబుతున్నాను. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, వీటికీ ఐరన్ మాత్రకూ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. కడుపులో వికారంగా ఉండి మానేయాలనిపిస్తే మానకుండా, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి, అలా వేసుకున్నా పనిచేస్తుంది. హిమోగ్లోబిన్ 12కు వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగించాలి, అప్పుడే నిల్వ నిండుతుంది. మాత్రలు పడనివాళ్లకు, ఆపరేషన్ దగ్గర పడ్డవాళ్లకు సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ ఉంది. నాకు అదే ఎక్కించారు, నెలన్నరకు 10 దాటింది.

మునగాకు వేపుడు, రాగి సంగటి, నువ్వులూ బెల్లమూ, ఇవన్నీ తినండి, మంచిదే. కానీ 7 ఉన్న రక్తం తిండితోనే 12కు రాదు, ఎందుకంటే ప్రతి నెలా తిన్నదానికన్నా ఎక్కువ పోతోంది. అశోకారిష్టం లాంటివి తాగితే గడ్డ కరిగిపోతుందని చాలామంది చెబుతారు, గడ్డ కరుగుతుందని నమ్మదగిన రుజువు లేదు. ఈ లోపల రక్తం పోతూనే ఉంటుంది, నా బాధంతా అదే.

మూడో పని: స్కానింగ్, దాన్ని చదవడం

స్కానింగ్ రెండు రకాలుగా చేస్తారు. పొట్ట మీద నుంచి చేసేదానికి మూత్రం నిండుగా ఉండాలి, కాబట్టి ముందు నీళ్లు తాగి వెళ్లాలి. లోపలి నుంచి చేసేదానికి మూత్రం పోసేసి వెళ్లాలి. లోపలి నుంచి చేసే స్కాన్ పేరు టీవీఎస్, సన్నటి గొట్టం లాంటిది తొడుగు వేసి లోపల పెడతారు, కొంచెం ఇబ్బందే గానీ నొప్పి పెద్దగా ఉండదు, చిన్న గడ్డలు, గర్భసంచి లోపలి పొర అందులోనే స్పష్టంగా తెలుస్తాయి. పెళ్లి కాని అమ్మాయిలకు మామూలుగా పొట్ట మీద నుంచే చేస్తారు, అది చాలకపోతే ఎమ్మారై. గడ్డ మరీ పెద్దదైతే రెండు స్కాన్లూ కావాలి. ఏదైనా సరే, లోపల పరీక్ష చేసేటప్పుడు ఆడమనిషి ఒకరు పక్కన ఉండాలని అడగడం మీ హక్కు.

ఇప్పుడు రిపోర్టు. దీన్ని నిదానంగా చదవండి, ఎందుకంటే నిర్ణయమంతా ఇందులోనే ఉంది.

గర్భసంచిని ఒక గది అనుకోండి. గడ్డ గది లోపలికి పొడుచుకొస్తే సబ్‌మ్యూకోసల్ అంటారు. గోడ మందంలోనే ఉండిపోతే ఇంట్రామ్యూరల్. గోడ బయటివైపు ఉబ్బితే సబ్‌సీరోసల్. బయటివైపు కాడకు వేలాడుతుంటే పెడంక్యులేటెడ్. గది లోపలికి వచ్చినది చిన్నదైనా సరే రక్తం ధారగా పోయిస్తుంది, గర్భం నిలవనివ్వదు. బయటివైపు ఉన్నది నిమ్మకాయంత ఉన్నా నెలసరిని పెద్దగా కదిలించకపోవచ్చు, పెద్దదైతే మూత్రాశయాన్నో పేగునో నొక్కుతుంది. అంటే సైజు ఒక్కటే చూసి భయపడటమూ తప్పే, ధైర్యపడటమూ తప్పే. నాది 28 మి.మీ., గది లోపల. మా అక్కది 14 సెం.మీ., గోడలో, దాంతో పాటు ఇంకో నాలుగు, గర్భసంచి బొడ్డుదాకా పెరిగి మూత్రం నిలబడనిచ్చేది కాదు, రాత్రికి ఐదారుసార్లు లేచేది. ఇద్దరి రిపోర్టుల్లోనూ పైన ఒకే మాట ఉంది, ఫైబ్రాయిడ్ యుటెరస్ అని.

మి.మీ.లో రాశారా సెం.మీ.లో రాశారా చూడండి. 28 అని చూసి మా ఆయన ముఖం పాలిపోయింది, అది మూడు సెంటీమీటర్లు కూడా కాదు. కొందరు డాక్టర్లు గర్భసంచి సైజును గర్భం వారాల్లో చెబుతారు, "16 వారాల సైజు" అంటే గర్భంతో ఉంటే ఆ వారానికి ఎంత పెద్దదవుతుందో అంతుందని, అంతే. బల్కీ యుటెరస్ అంటే గర్భసంచి మామూలు కన్నా పెద్దగా ఉందని, అది రోగం పేరు కాదు, ఆ ఒక్క మాట మీద ఆపరేషన్ చేయించుకోకండి.

అడినోమయోసిస్ అని ఉంటే అది వేరు. అందులో విడిగా గడ్డ ఉండదు, లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోయి గోడే మందంగా అవుతుంది, నొప్పి ఎక్కువ. దాన్ని గడ్డ తీసినట్టు ఒలిచి తీయడం కుదరదు కాబట్టి వైద్యం మారుతుంది. రెండింట్లో ఏదో తేలకపోతే ఎమ్మారై చేయించడం దండగ కాదు.

45 దాటినవాళ్లకు, ఇంకా చిన్నవాళ్లయినా లావు, షుగర్, పీసీఓడీ ఉండి బ్లీడింగ్ అస్తవ్యస్తంగా ఉంటే, గర్భసంచి లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఇది ఆపరేషన్ మాట ఎత్తేముందే జరగాలి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనిపించినా, అప్పుడు గడ్డ పెరుగుతోందన్నా, వెంటనే చూపించుకోవాలి.

వాయిదా వేయకూడని రోజులు

గంటకో ప్యాడ్ పూర్తిగా తడుస్తూ రెండు గంటలు దాటితే, నిలబడితే కళ్లు బైర్లు కమ్మితే, మూత్రం అసలు రాకుండా బిగిసిపోతే, పొట్టలో ఒక్కసారిగా భరించలేని నొప్పితో జ్వరం వస్తే, గర్భంతో ఉండి నొప్పీ రక్తమూ కనిపిస్తే తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి. క్యాలెండర్ లెక్కలన్నీ తర్వాత.

డాక్టరును ఏం అడగాలి

చీటీ మీద రాసుకుని వెళ్లండి, సిగ్గేమీ లేదు. గడ్డ ఎక్కడుంది, గది లోపలికి వచ్చిందా? నాకున్న ఇబ్బంది ఈ గడ్డ వల్లేనా, ఇంకేదైనా కారణముందా? ఏమీ చేయకుండా ఆరు నెలలు చూస్తే ఏమవుతుంది? గర్భసంచి ఉంచి చేసే వైద్యం నాకు కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు? అండాశయాలు తీస్తారా, ఎందుకు? మీరు చెప్పిన ఆపరేషన్ మీరే చేస్తారా, ఇలాంటివి తరచుగా చేస్తుంటారా?

మీరు ఏం కోరుకుంటున్నారో కూడా నోరు తెరిచి చెప్పాలి. ఇంకా పిల్లలు కావాలా, వద్దా, పిల్లలు వద్దనుకున్నా గర్భసంచి ఉండాలనుందా, లేక ఈ బాధ ఇంక చాలు, ఒకేసారి తేలిపోవాలా. మనం చెప్పకపోతే వాళ్లే ఊహించుకుంటారు, నా విషయంలో అదే జరిగింది. భర్తనో అత్తనో వెంట తీసుకెళ్తే మంచిదే, కానీ సమాధానం మాత్రం మీరే చెప్పండి.

రెండో డాక్టరు అభిప్రాయం తీసుకుంటే మొదటి డాక్టరు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. ప్రాణం మీదికి వచ్చిన రక్తస్రావం తప్ప, ఫైబ్రాయిడ్‌లో వారం పది రోజులు ఆలోచించుకోవడానికి టైం ఎప్పుడూ ఉంటుంది.

వైద్యం: తేలికైనదాని నుంచి మొదలుపెట్టండి

ఇబ్బందేమీ లేకుండా, వేరే దేనికో స్కాన్ చేస్తే గడ్డ బయటపడిందా? ఏమీ చేయక్కర్లేదు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూసుకుంటే చాలు.

రక్తం ఎక్కువ పోవడమే సమస్య అయితే ముందు మందులు. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు బ్లీడింగ్ ఉన్న నాలుగైదు రోజులే వాడతారు, హార్మోన్ కాదు, రక్తం బాగా తగ్గుతుంది, కాళ్లలో గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు మాత్రం పనికిరాదు. నొప్పికి మెఫెనమిక్ యాసిడ్, అది రక్తాన్నీ కొంత తగ్గిస్తుంది. తర్వాత హార్మోన్ మాత్రలు. ఆ తర్వాత హార్మోన్ లూప్, దీన్ని చాలామంది మిరెనా అనే పిలుస్తారు. గర్భసంచి లోపల పెడితే కనీసం ఐదేళ్లు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చిల్లరగా మరకలు పడుతూనే ఉంటాయి, చాలామంది అక్కడే విసుగొచ్చి తీయించేస్తారు, ఆ ఆరు నెలలు ఓర్చుకుంటే నెలసరి బాగా తగ్గిపోతుంది, కొందరికి ఆగిపోతుంది కూడా. కానీ గడ్డ గది లోపలికి పొడుచుకొస్తే లూప్ జారిపోవచ్చు. నాకు అందుకే పెట్టలేదు.

నెలకొకటి చొప్పున వేసే లూప్రొలైడ్ ఇంజెక్షన్లు గడ్డను కుదిస్తాయి, నెలసరిని ఆపుతాయి. ఇది శాశ్వతం కాదు, ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుంది, ఎక్కువ కాలం వేస్తే ఎముకలు పలచబడతాయి. ఆపరేషన్‌కు ముందు మూడు నెలలు రక్తం నింపుకోవడానికి, గడ్డ చిన్నది చేసుకోవడానికి వాడితే చాలా ఉపయోగం.

మందులకు లొంగకపోతే గడ్డ మీదికి వెళ్లాలి. గది లోపల ఉన్న చిన్న గడ్డకు హిస్టిరోస్కోపీ: కింది దారిలోంచి కెమెరా పంపి లోపలే గీకి తీసేస్తారు, పొట్ట మీద గీత కూడా పడదు, అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. నాకు చేసింది ఇదే. నెలసరి ఆగిన మొదటి వారంలో చేస్తారు, అప్పుడు లోపలి పొర పలచగా ఉండి గడ్డ బాగా కనిపిస్తుంది.

గోడలో, బయట ఉన్నవాటికి, గర్భసంచి ఉంచుకోవాలంటే మయోమెక్టమీ. లాప్రోస్కోపీతోనో (పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసేది) పొట్ట కోసో గడ్డలు ఒక్కటే తీసి గోడ కుట్టేస్తారు. దీంట్లో మూడు సంగతులు తెలిసి ఒప్పుకోండి. గడ్డలు మళ్లీ రావచ్చు. తర్వాత గర్భం కోసం కొన్ని నెలలు ఆగాలి, కాన్పు సిజేరియన్ కావచ్చు. ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోతే ప్రాణం కోసం గర్భసంచి తీయాల్సి రావడం అరుదుగా జరుగుతుంది, సంతకం పెట్టేముందు అది చదవండి. లాప్రోస్కోపీలో గడ్డను లోపలే ముక్కలు చేసి తీస్తారు, సంచిలో పెట్టి ముక్కలు చేస్తారా అని అడగండి. అది క్యాన్సర్ గడ్డ అయితే ముక్కలు పొట్టంతా చెదిరే ప్రమాదముందని అమెరికా ఎఫ్‌డీఏ 2014లోనే హెచ్చరించింది.

ఇంకొక పద్ధతి యూఏఈ, అంటే యుటెరైన్ ఆర్టరీ ఎంబొలైజేషన్. తొడ మొదట్లోంచో మణికట్టులోంచో సన్నటి గొట్టం పంపి గడ్డకు రక్తం తీసుకెళ్లే నాళాలను మూసేస్తారు, మేత లేక గడ్డ కుంచించుకుపోతుంది. మొదటి రెండు రోజులు నొప్పి బాగానే ఉంటుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకు మామూలుగా మొదట దీన్ని చెప్పరు. దీన్ని చేసేది గైనకాలజిస్టు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అందుకే చిన్న ఆసుపత్రుల్లో దీని మాటే రాదు.

ఇక గర్భసంచి తీసేయడం. ఇది చెడ్డ ఆపరేషన్ అని నేననను. మా అక్కకు 46 ఏళ్లు, ఐదు గడ్డలు, మందులు వాడింది, రెండుసార్లు రక్తం ఎక్కించారు, పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి, ఆమె అన్నీ అడిగి తెలుసుకుని తీయించుకుంది. ఆ తర్వాత మొదటిసారి తెల్లచీర కట్టుకుని పెళ్లికి వెళ్లింది, ఆ ఫోటో ఇప్పటికీ ఫోన్లో పెట్టుకుంది. తీయాల్సినవాళ్లకు తీస్తే బతుకు తేలికవుతుంది. అయితే వయసు చిన్నదైతే, జబ్బేమీ లేని అండాశయాలను ఉంచమని గట్టిగా చెప్పండి, అవి పోతే ఆ క్షణం నుంచే మెనోపాజ్, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు అరగడం, గుండె జబ్బు ముప్పు. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కొంచెం ముందు రావచ్చు.

ఎక్కడికి, ఏ కాగితాలతో

తిరుపతిలో రుయా పక్కనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, అది కాన్పులకే అనుకుంటారు చాలామంది, గైనిక్ ఓపీ కూడా ఉంటుంది. స్విమ్స్ ఆవరణలో పద్మావతి మహిళా మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళ్లండి. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర, చిత్తూరు నుంచి బస్సులో గంట ప్రయాణం, యూఏఈ లాంటివి కావాలంటే అలాంటి పెద్ద చోటికే పోవాలి. మన రాష్ట్ర కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో బయల్దేరేముందే కనుక్కోండి.

ఎన్టీఆర్ వైద్య సేవ (ఒకప్పటి ఆరోగ్యశ్రీ) కింద చేయించుకోవాలంటే ఆసుపత్రిలో ఆ కౌంటర్ దగ్గరికి వెళ్లి, మీకు రాసిన ఆపరేషన్ పేరు చూపించి, అది ఇక్కడ వర్తిస్తుందా అని ముందే అడగండి. గర్భసంచి తీసే ఆపరేషన్‌కు వర్తిస్తుంది కదా అని అదే ఎంచుకోవద్దు. కార్డు, ఆధార్, పాత స్కాన్లన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టండి, స్కాన్ ఫిల్ములు కూడా, క్యాలెండర్ కాగితాలు చింపి అందులోనే పెట్టండి. నేను ఆ రెండు కాగితాలు బల్ల మీద పెడితే రెండో డాక్టరమ్మ అద్దాలు తీసి దగ్గరికి పెట్టుకుని చదివింది, "ఇంత వివరంగా ఎవరూ తేరమ్మా" అంది, అప్పటినుంచి మాటే మారిపోయింది.

ఆపరేషన్ ముందూ తర్వాతా

హిమోగ్లోబిన్ నింపుకున్నాకే వెళ్లండి, 10 దాటితే అందరికీ నిశ్చింత. మీ గ్రూపు రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దరిని ముందే చూసిపెట్టుకోండి. మీరు వాడే బీపీ, షుగర్, రక్తం పలచబడే మందులన్నీ రాసి ఇవ్వండి.

పొట్ట కోసిన ఆపరేషన్ అయితే ఆరు వారాలు నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు, పసిబిడ్డ, ఏదీ ఎత్తకూడదు. మన ఇళ్లల్లో మూడో వారానికే "బాగానే తిరుగుతోంది కదా" అని పని మొదలుపెట్టించేస్తారు. డిశ్చార్జి రోజున డాక్టరు చేతే ఆ మాట ఇంటివాళ్లందరి ముందు చెప్పించండి, మనం చెబితే వినరు. మంచం మీదే పడుకోకుండా మొదటి రోజు నుంచే మెల్లిగా నడవాలి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. కాలు పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం, దుర్వాసనతో ద్రవం, కుట్టు ఎర్రబడటం కనిపించినా వెంటనే వెళ్లండి. హిస్టిరోస్కోపీ వాళ్లకు ఇంత విశ్రాంతి అక్కర్లేదు, నేను నాలుగో రోజు పనిలోకి వెళ్లాను, కొన్నాళ్లు చిన్న మరకలు పడ్డాయి. ఐరన్ మాత్రం ఆపలేదు.

తీసిన గడ్డను తప్పకుండా బయాప్సీకి పంపిస్తారు. ఆ రిపోర్టు ఒకట్రెండు వారాలకు వస్తుంది, అప్పటికి మనం ఇంటికి వచ్చేసి ఉంటాం, నొప్పి తగ్గి ఉంటుంది, చాలామంది దాని కోసం మళ్లీ వెళ్లనే వెళ్లరు. మా అక్కది కూడా ఆసుపత్రిలోనే రెండేళ్లకు పైగా ఉండిపోయింది, నా పని మీద తిరుగుతూ అడిగితే పాత కట్టలోంచి వెతికి తీసి ఇచ్చారు. డిశ్చార్జి కాగితం మీదే బయాప్సీ నంబరు, వచ్చే తేదీ రాయించుకోండి, ఆ తేదీన ఎవరినైనా పంపి తెప్పించుకోండి, మీ డాక్టరుకు చూపించాకే ఫైల్లో పెట్టండి.